మూడో అంతస్తులో గుంట

చైతన్యపురి,
జూలై 6, ఆదివారం.

రజితకు,

ఆశీస్సులు ఉత్తరం చివర ఉంటాయి. ముందు పని.

నిన్న ఫోన్‌లో నీ నడుం ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది నానమ్మా" అన్నావు. ఆ మాట అంటూనే కుర్చీలోంచి లేచినట్టున్నావు, "అమ్మో" అని ఇంకో మాట కూడా వినిపించింది. ఒకే నిమిషంలో రెండు జవాబులు చెప్పిన పిల్లకు నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎప్పుడూ మార్కులు వేయలేదు. కాబట్టి ఈ రోజు నుంచి నడుం సంగతి ఫోన్‌లో మాట్లాడుకోం. కాగితం మీద రాసుకుంటాం.

ఉత్తరం నిలబడి రాయాలి. మీ వంటగట్టు ఎత్తు సరిపోతుంది, పోయినసారి వచ్చినప్పుడు కొలిచాను. చేత్తో రాయాలి. పోస్టు డబ్బా దాకా నువ్వే నడవాలి, నా అడుగులతో ఆరువందల నలభై. నొప్పి పదికి ఎంతో అంకె వేయాలి. "పరవాలేదు", "కొంచెం", "అలాగే ఉంది" అన్నవి అంకెలు కావు.

రెండు మెట్రో స్టేషన్ల దూరానికి ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు నా ఇంట్లో ఉన్న నాలుగు నెలల్లో నీ మీటింగుల వల్ల నా పూజ తొమ్మిదిసార్లు మధ్యలో ఆగింది. నా గంట వల్ల నీ మీటింగులు పదమూడుసార్లు ఆగాయి. విడిగా ఉండటమే మేలని ఇద్దరం కలిసే తేల్చుకున్నాం.

డాక్టర్ సంధ్యారాణి గారు చెప్పింది మరొకసారి రాస్తున్నాను, నువ్వు మరిచిపోయినట్టు నటిస్తావు కనుక. సెప్టెంబరు 26న నిన్ను చూస్తారు. అప్పటికి నొప్పి మూడుకు దిగితే ఆఫీసులో రోజుకు తొమ్మిది గంటలు పని చేయవచ్చని కాగితం రాసిస్తారు. కాగితం ఉంటే దసరా తర్వాత నువ్వు టీమ్ లీడ్. లేకపోతే మూడు నెలల సెలవు, ఆ పదవి ఇంకొకరికి. ఇప్పుడు నీ నొప్పి ఏడు. ఎనభై రెండు రోజుల్లో నాలుగు దిగాలి.

దారి నాకు తెలుసు. మా నాన్న పోచంపల్లిలో నలభై రెండేళ్ళు మగ్గం నేశాడు. రోజుకు పది గంటలు కూర్చున్నాడు. ఒక్కరోజు కూడా నడుం నొప్పి అన్న మాట ఆయన నోట వినలేదు. కారణం గుంట. నేలలో గుంట తవ్వి, కాళ్ళు అందులోకి దించి, నేల మీదే కూర్చుని నేసేవాడు. కుర్చీ మా వంశంలోకి వచ్చాకే ఈ నొప్పి వచ్చింది.

కాబట్టి కుర్చీ తీసెయ్. నీ గదిలో గుంట తవ్విద్దాం. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు రెండడుగులు, లోతు రెండడుగుల రెండంగుళాలు.

ఆశీస్సులు.
నానమ్మ, వజ్రమ్మ


ఎల్బీ నగర్,
జూలై 11.

నానమ్మకు,

నిలబడే రాస్తున్నాను. పక్కన పప్పు ఉడుకుతోంది, మరకలు పడితే ఎర్ర ఇంకుతో సున్నా చుట్టకు.

నొప్పి ఏడు. కూర్చుని ఇరవై నిమిషాలైతే ఎవరో వెన్ను మీద తిరగలి పెట్టినట్టు ఉంటుంది. లేస్తే వెంటనే నిటారుగా నిలబడలేను, ప్రశ్నార్థకంలా వంటింటి దాకా వెళ్ళి అక్కడ మనిషిని అవుతాను. నిన్న రాత్రి మీటింగులో అందరికంటే ముందు నాకే అర్థమైంది, కానీ చెయ్యెత్తలేకపోయాను.

ఇక గుంట. నానమ్మా, నేనుండేది మూడో అంతస్తు. నువ్వు చెప్పిన లోతు తవ్వితే నా కాళ్ళు రెండో అంతస్తులో సీతామహాలక్ష్మి ఆంటీ వంటింట్లోకి, సరిగ్గా పోపు గిన్నె మీదికి వేలాడతాయి. ఆమె ఇంటి ఓనరు. కోపం వస్తే నీళ్ళు ఆపేస్తుంది.

లీడ్ పదవి నాకు కావాలి. ఆరేళ్ళు దాని కోసమే కూర్చున్నాను. కానీ గుంట కుదరదు.

రజిత


చైతన్యపురి,
జూలై 15.

రజితకు,

నీ ఉత్తరం నాలుగు రోజులకు చేరింది. మధ్యలో అది ఎక్కడెక్కడ కూర్చుందో తెలియదు.

మూడో అంతస్తు సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. అయితే గుంట అంటే ఏమిటి? కూర్చునే చోటుకూ పాదాలు ఆనే చోటుకూ ఉన్న తేడా. నేల కిందికి పోలేనప్పుడు మనిషి పైకి పోవాలి. నీ గదిలో ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున చెక్క అరుగు కట్టించి, దాని మధ్యలో గుంట వదిలితే సరిపోతుంది. ఏ తరగతి పిల్ల అయినా చేసే లెక్క ఇది.

పోచంపల్లిలో మగ్గాలు బిగించే జానయ్య రేపు వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. గడ్డపార అవసరం లేదని మూడుసార్లు చెప్పాను. అయినా తెస్తాడు. గుంట పనికి గడ్డపార లేకుండా వెళ్తే పరువు పోతుందట.

ఆశీస్సులు.
నానమ్మ


ఎల్బీ నగర్,
జూలై 24.

నానమ్మకు,

జానయ్య తాత గడ్డపారతోనే వచ్చాడు. లిఫ్టులో పట్టలేదని భుజాన వేసుకుని మెట్లెక్కాడు. రెండో అంతస్తులో ఆంటీ ముగ్గు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"ఏవయ్యా, గడ్డపార ఎందుకూ?"

"గుంట కొరకమ్మా. మీద పిల్లకు. రెండడుగుల రెండంగులాలు."

"మూడో అంతస్తులో గుంటేంటయ్యా! ఏవండీ, ఒకసారి ఇలా రండి!"

వెంకటేశ్వరరావు అంకుల్ బయటికి వచ్చారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, దేన్నీ తొందరగా నమ్మరు.

"లంకెబిందెలండీ," అంది ఆంటీ.

"మనం కట్టించిన ఇంట్లో, అదీ మూడో అంతస్తులో, లంకెబిందెలు ఎవరు పెడతారే?"

"ఎవరూ పెట్టకపోతే గడ్డపార ఎందుకు తెస్తారండీ?"

అంకుల్ తలెత్తి స్లాబు వైపు చూశారు. నేను కిందికి వెళ్ళి నీ ఉత్తరం చూపించి, చెక్క అరుగు అని చెప్పేలోపు మాట నాలుగో అంతస్తు దాకా వెళ్ళిపోయింది. మా పనిలో ఏ విషయమూ అంత వేగంగా చేరదు. ఆ రోజు నుంచి అంకుల్ హెల్మెట్ పెట్టుకుని భోజనం చేస్తున్నారు. తీయమంటే, "నువ్వు మంచిదానివేనమ్మా, స్లాబుతోనే నా భయం" అంటారు.

అరుగు మూడు రోజుల్లో పూర్తయింది. నా గదిలో ఇప్పుడు అరుగు తప్ప ఏమీ లేదు. మంచం హాల్లోకి వెళ్ళింది. అంతటితో ఆగితే బాగుండేది. గుంటకు అటూ ఇటూ రెండు నిలువు కర్రలు పాతి, పైన అడ్డదూలం బిగించాడు తాత. అవెందుకని అడిగాను.

"మగ్గం లేకుంట గుంట ఉట్టిగ ఉండరాదు బిడ్డా. నువ్వు నేసినా నెయ్యకున్నా, జాగ అయితే ఉండాలె."

సోమవారం మొదటిసారి గుంటలో కాళ్ళు దించి, లాప్‌టాప్ ముందు పెట్టుకుని మీటింగులో చేరాను. మా మేనేజర్ అరుణ్‌కుమార్ సార్ స్క్రీన్ దగ్గరికి వంగి చూశారు. తర్వాత అడిగారు.

"రజితా, కెమెరా ఏడ పెట్టినవ్? నీ గదుమ, ఫ్యాను తప్ప ఏం కనిపిస్తలేదు. ఎనక గా గోల్‌పోస్టేంది?"

మీటింగు అయ్యాక గుంట ఉందని మరిచిపోయి మామూలుగా లేవబోయి అందులో పడ్డాను. నొప్పి ఎనిమిది.

రజిత


చైతన్యపురి,
జూలై 29.

రజితకు,

ఎనిమిది అన్న అంకె గుంటకు చెందదు, నీ అజాగ్రత్తకు చెందుతుంది. నీ అంకెలు ఎక్కిస్తున్న రిజిస్టరులో దాని పక్కన చుక్క పెట్టాను.

నిలువు కర్రల గురించి జానయ్యను మందలించాను. "టీచరమ్మా, రేపు గా కంపెనీ మూతపడితే పిల్లకు మగ్గం పనికొస్తది" అన్నాడు. కర్రలు ఉండనీ.

ఓనరును భయపెట్టి ఒకరి ఇంట్లో ఉండటం మర్యాద కాదు. సీతామహాలక్ష్మి గారిని పిలువు. టీ ఇవ్వు. గుంట చూపించు. వీలైతే పది నిమిషాలు అందులో కూర్చోబెట్టు. బిందెలు లేవని ఆమెకే తెలుస్తుంది.

యాభై తొమ్మిది రోజులు మిగిలాయి.

ఆశీస్సులు.
నానమ్మ


ఎల్బీ నగర్,
ఆగస్టు 13.

నానమ్మకు,

నొప్పి ఐదు.

నువ్వు చెప్పినట్టే ఆంటీని పిలిచి గుంటలో కూర్చోబెట్టాను. ఆమెకు అర్థమైంది. చాలా బాగా అర్థమైంది.

మొన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఐదు అంటే ఆశ్చర్యపోయారు. ఏం చేశావని అడిగితే గుంట సంగతి చెప్పాను. కొలతలు కూడా రాసుకున్నారు.

ఇల్లు కొంచెం సందడిగా ఉంది. ఉంటాను.

రజిత


చైతన్యపురి,
ఆగస్టు 19.

రజితకు,

ఐదు! జూలై 24 నుంచి ఆగస్టు 13కు, ఇరవై రోజుల్లో మూడు దిగింది. ఈ లెక్కన సెప్టెంబరు 26కు నొప్పి సున్నా దాటి కిందికి పోవాలి. అది సాధ్యం కాదని తెలుసు, అయినా గ్రాఫు గీశాను. చూడటానికి బాగుంది.

నా పాత విద్యార్థినులు నలుగురికి రాశాను. ఒకామె బ్యాంకులో, ఇద్దరు నీలాగే కంప్యూటరు ముందు, ఒకామె కుట్టుమిషను మీద. అందరికీ నడుమే. గుంట కొలతలు పంపాను.

రెండు ప్రశ్నలు. ఒకటి: నీ ఉత్తరం ఎప్పుడూ రెండు పేజీలు ఉంటుంది. ఈసారి పది వాక్యాలు. నొప్పి తగ్గినవాళ్ళకు మాటలు పెరగాలి. రెండు: కవరు వెనక వేరే చేతిరాతతో "ఉ. 10 – 12 సీతామహాలక్ష్మి" అని రాసి కొట్టేసి ఉంది. ఏమిటది?

ఆశీస్సులు.
నానమ్మ


ఎల్బీ నగర్,
ఆగస్టు 29.

నానమ్మకు,

నొప్పి మూడు!

కవరు వెనక రాత అంకుల్‌ది. ఆయనకు ఏ కాగితం దొరికినా దాని మీద పట్టిక గీసే అలవాటుంది. పట్టించుకోకు.

డాక్టరమ్మ ఫోన్ చేసి, ఇలాగే ఉంటే 26న కాగితం ఖాయమన్నారు. అరుణ్‌కుమార్ సార్‌కు చెప్పాను. "అయితే లీడ్ నువ్వే, ఫిక్స్" అన్నారు.

ఎవరో తలుపు కొడుతున్నారు. ఉంటాను.

రజిత


చైతన్యపురి,
సెప్టెంబరు 4, గురువారం.
ఉదయం 10.40.

రజితకు,

ఈ ఉత్తరం గుంటలోంచి రాస్తున్నాను.

నీ మూడు చూశాక ఆగలేకపోయాను. నా ముందుగదిలో నాలుగు బండలు తీయించి జానయ్యతో గుంట తవ్వించాను. ఇది నేల మీది ఇల్లు కాబట్టి అతని గడ్డపార కోరిక కూడా తీరింది. ఉదయం పది గంటల పది నిమిషాలకు దిగాను. దిగడం సక్రమంగా జరిగింది. పది గంటల ఇరవై రెండు నిమిషాలకు లేవబోయాను. నడుం పట్టేసింది. రెండోసారి ప్రయత్నించాను. మూడోసారి ప్రయత్నించలేదు.

ఫోన్ ఫ్రిజ్ మీద ఉంది. నాకు అందేంత దూరంలో నీ రిజిస్టరు, కాగితాలు, పెన్ను ఉన్నాయి. సుమిత్రమ్మ గిన్నెలు తోమడానికి నాలుగింటికి వస్తుంది. ఐదు గంటల ఇరవై నిమిషాలు ఉంది. కంగారు పడవలసింది ఏమీ లేదు. ఈ ఉత్తరం నీకు చేరేది ఎలాగూ సోమవారం.

11.30.

గ్యాసు బండ అతను గేటు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఏడున్నవ్?" అన్నాడు. "గుంటలో ఉన్నాను నాయనా" అన్నాను. అడుగుల చప్పుడు వినిపించింది, దూరమవుతూ. బండ దించలేదు.

12.15.

ఇక్కడి నుంచి చూస్తే బల్ల కింద ఇన్నేళ్ళు నేను ఊడ్చని చోటు కనిపిస్తోంది. సుమిత్రమ్మా ఊడ్వలేదు. ఇద్దరిదీ సమానమైన తప్పు.

1.05.

రజితా, ఒక విషయం నీకు తప్పుగా రాశాను. మా నాన్నకు నడుం నొప్పి లేదని రాశాను. కావాలని అబద్ధం రాయలేదు. ఆయన నొప్పి అనలేదు కాబట్టి లేదని లెక్క వేశాను. ఇప్పుడు ఆయన కూర్చున్నట్టే మూడు గంటలు కూర్చున్నాక లెక్క తిరగబడింది.

రోజూ సాయంత్రం మగ్గం దిగగానే ఆయన చాప మీద బోర్లా పడుకునేవాడు. నాకు ఏడేళ్ళు. నేను ఆయన నడుం మీదికి ఎక్కి, గోడ పట్టుకుని, అటూ ఇటూ తొక్కేదాన్ని. ఊరికే తొక్కితే విసుగని ఎక్కాలు చెప్పుకుంటూ తొక్కమనేవాడు. రెండో ఎక్కంతో మొదలు. మామూలు రోజుల్లో పదో ఎక్కానికి దించేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో, చీరలు తొందరగా కావాలన్నప్పుడు, "ఇంకొకటి చెప్పు బిడ్డా" అనేవాడు. పదిహేనో ఎక్కం. పంతొమ్మిది. ఒకసారి ఇరవై మూడో ఎక్కం దాకా చెప్పించాడు. ఇరవై మూడు తొమ్మిదులు తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు.

చదువు మీద నా శ్రద్ధకు ఆయన మురిసిపోతున్నాడని అనుకున్నాను. బడిలో అందరికీ చెప్పుకున్నాను. అరవై ఐదేళ్ళుగా అదే అనుకుంటున్నాను. లెక్కల టీచరుని అయ్యాను కూడా.

ఆయన నొప్పికి అంకె ఉండేది. రోజూ నా చేతే చెప్పించాడు. నేను రాసుకోలేదు.

4.10.

సుమిత్రమ్మ వచ్చింది. గడప దగ్గరే కేక పెట్టింది.

"అయ్యో టీచరమ్మా! గిట్ల సగమే ఉన్నరేంది?"

నా నడుముకు దుప్పటి చుట్టి లాగి బయటికి తీసింది. రాసిన ఉత్తరం కాబట్టి పంపుతున్నాను. సుమిత్రమ్మ పోస్టు చేస్తుంది. ఈ ఒక్కసారికి నియమం సడలించాను.

ఆశీస్సులు.
నానమ్మ


ఎల్బీ నగర్,
సెప్టెంబరు 10.

నానమ్మకు,

నీ ఉత్తరం వచ్చాక మొదట ఫోన్ చేశాను కదా. నువ్వు "నడుం సంగతి ఫోన్‌లో వద్దు" అని పెట్టేశావు. సుమిత్రమ్మ గారికి చేసి నువ్వు నడుస్తున్నావని తెలుసుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తాను, నువ్వు రాశావు కాబట్టి.

ఆగస్టు 2 నుంచి నేను గుంటలో కూర్చోలేదు.

ఆ రోజు ఆంటీ పది నిమిషాలకని కూర్చుంది. కళ్ళు మూసుకుంది. "అమ్మాయ్, ముప్పై ఏళ్ళ నొప్పే ఇది, ఎక్కడికి పోయిందే!" అంది. రెండు గంటలు లేవలేదు. మర్నాడు పప్పు చెట్నీ తెచ్చి మళ్ళీ కూర్చుంది. మూడో రోజు అంకుల్ వచ్చారు. హెల్మెట్ తీసి అడ్డదూలానికి తగిలించారు. జానయ్య తాత కర్రలకు అదే మొదటి ఉపయోగం. తర్వాత మొదటి అంతస్తులో ఉండే కోచింగ్ సెంటర్ ఫిజిక్సు సార్ వచ్చారు. ఆ తర్వాత వాచ్‌మన్ భార్య చిక్కుడుకాయలు ఒలుచుకోవడానికి వచ్చింది. గొడవలు రాకుండా అంకుల్ పట్టిక గీసి నా గది తలుపుకు అంటించారు. నువ్వు చూసింది దాని చిత్తుప్రతి.

పట్టికలో నాకు మధ్యాహ్నం రెండుంబావు నుంచి రెండూ ముప్పై ఐదు దాకా ఉంది. ఆ ఇరవై నిమిషాలూ చిక్కుడు నారలు ఊడ్చడానికే సరిపోతాయి.

ఓనరును లెమ్మని ఎలా అంటాను? కుర్చీ నువ్వు తీయించేశావు. వంటగట్టు మీద బియ్యం డబ్బా, డబ్బా మీద లాప్‌టాప్ పెట్టి నిలబడి పని చేస్తున్నాను. ఇంట్లో ఇంతమంది మాటలతో మీటింగు కుదరక, ఫోన్ వస్తే డాబా మీదికి వెళ్ళి తిరుగుతూ మాట్లాడుతున్నాను. రోజుకు పదిసార్లు మెట్లెక్కుతున్నాను. నొప్పి అందుకే మూడు. గుంట వల్ల కాదు, గుంటలో చోటు లేకపోవడం వల్ల.

నువ్వు గ్రాఫు గీశానన్నాక చెప్పలేకపోయాను. డాక్టరమ్మకూ చెప్పలేదు. ఆమె బడంగ్‌పేటలో ఒకాయనకు గుంట సలహా ఇచ్చి, అనుమానాలుంటే అడగమని నా నంబరు ఇచ్చారు. మొన్న ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్, గుంట తవ్వించిన. పైపు తగిలి నీళ్ళు ఊరుతున్నయ్. నీళ్ళల్లనే కూసోవాల్నా, లేకుంటె ఎండినంక కూసోవాల్నా?"

ఏం చెప్పాలో తెలియక, చూసి చెబుతానన్నాను.

ఇప్పుడు నా సమస్య ఇది. నిజం చెబితే, కూర్చోకపోతేనే తగ్గుతుందని డాక్టరమ్మకు తెలుస్తుంది. అలాంటి మనిషికి తొమ్మిది గంటలు కూర్చునే ఉద్యోగానికి కాగితం ఎలా ఇస్తారు? చెప్పకపోతే నేను లీడ్. ఏం చేయమంటావు?

ముత్తాత సంగతి చదివాక ఇరవై మూడో ఎక్కం పైకి చెప్పుకుని చూశాను.

ఇంకొకటి. ఇన్నాళ్ళూ నా అంకె అడిగావు. నీది ఎంతో ఒక్కసారీ రాయలేదు.

రజిత


చైతన్యపురి,
సెప్టెంబరు 20.

రజితకు,

రిజిస్టరులో "గుంటలో కూర్చున్న కాలం" అన్న గడి మొత్తం కొట్టేశాను. గ్రాఫు చింపలేదు. గ్రాఫు సరైనదే, పేరు తప్పు. తేలిన విషయం కింద ఇలా రాశాను: గుంట నడుముకు మంచిదే, అందులో వేరేవాళ్ళు కూర్చున్నంత కాలం.

నలుగురు విద్యార్థినులకూ వద్దని మళ్ళీ రాశాను. కుట్టుమిషను అమ్మాయి అప్పటికే తవ్వించింది. అందులో అల్లం నాటుకుంటానంది.

మొన్న 18న నేనే డాక్టర్ సంధ్యారాణి గారి దగ్గరికి వెళ్ళాను, నా నడుం చూపించుకోవడానికి. ఆమె నన్నూ అదే ప్రశ్న అడిగారు. పదికి ఎంత? ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు మార్కులు వేసినదాన్ని, నాకు అంకె రాలేదు. చివరికి "పదిహేడో ఎక్కం" అన్నాను. ఆమె చీటీ మీద ఏడు అని రాసుకున్నారు. ఆమెకు అర్థం కాలేదు. నీకు అవుతుంది.

రోజూ అరగంట నడవమన్నారు, మధ్యలో ఆగుతూ. వంగి బరువులు ఎత్తవద్దన్నారు. గుంటలు దిగవద్దని విడిగా రాసిచ్చారు.

తర్వాత, "మీ మనవరాలి పద్ధతి అద్భుతమండీ, ఇంకో ఇద్దరికి చెప్పాను" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. కాపీ కొట్టిన పిల్లను చూసీ చూడనట్టు ఊరుకోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి. చెమట పట్టింది. అక్కడి ఆయా ఫ్యాను పెంచింది.

ఏం చెప్పాలో నేను చెప్పను. పరీక్ష నీది. కాగితం రాకపోతే నీకెంత పోతుందో నాకు తెలుసు. ఆరేళ్ళు. ఒక్క మాట మాత్రం గుర్తు చేస్తాను: ఆ బడంగ్‌పేట ఆయన ఇంకా నీళ్ళలోనే కూర్చుని ఉన్నాడు.

ఆశీస్సులు.
నానమ్మ


ఎల్బీ నగర్,
అక్టోబరు 8.

నానమ్మకు,

చెప్పేశాను.

26న డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టబోతుంటే, "మేడమ్, గుంటలో కూర్చున్నది నేను కాదు" అన్నాను. మొత్తం చెప్పాను. హెల్మెట్ దగ్గర నుంచి చిక్కుడుకాయల దాకా. ఆమె పెన్ను కింద పెట్టి, ముందు బడంగ్‌పేటకు ఫోన్ చేశారు. "సార్, మీరు బయటికి రండి. అవును, ఇప్పుడే. ముందు కాళ్ళు తుడుచుకోండి" అన్నారు. మిగతా ఇద్దరికీ చేశారు. తర్వాత నా వైపు తిరిగారు. నాకు చిన్నప్పుడు నీ ముందు నిలబడినట్టు అనిపించింది.

కాగితం ఇచ్చారు. "పనికి తగినది. అయితే అరగంటకు మించి ఒకేచోట కూర్చోరాదు" అని రాసి, "కూర్చోరాదు" కింద రెండు గీతలు గీశారు.

అయిపోయిందనుకున్నాను. మర్నాడు దాన్ని గచ్చిబౌలి ఆఫీసుకు తీసుకెళ్ళి అరుణ్‌కుమార్ సార్ ముందు పెట్టి, "తొమ్మిది గంటలు కూర్చోలేను సార్, ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాను. ఆయన రెండుసార్లు చదివారు.

"అరగంట కంటె ఎక్కువ కూసోరాదా? మరి లీడ్ పనేందనుకున్నవ్ రజితా? పొద్దుగాల కెల్లి పొద్దుమీకెదాక ఒక్కొక్కని కుర్చీ ఎనక నిలబడి 'అయిందా, ఎంత అయింది, ఎప్పుడైతది' అని అడుగుడే. కూసునేది వాళ్ళు. ఇన్నేండ్లల్ల గీ పనికి దవాఖాన నుంచి సర్టిఫికెట్ తెచ్చుకున్నదానివి నువ్వొక్కదానివే."

సోమవారం నుంచి నేను టీమ్ లీడ్.

డాక్టరు కాగితం చూసి కంపెనీవాళ్ళు నా కోసం ప్రత్యేకంగా ఒక కుర్చీ తెప్పించారు. దానికి తొమ్మిది మీటలు, వీపుకు ఒకటి, మెడకు ఒకటి దిండ్లు. వెనక నా పేరు రాయించారు. వచ్చిన రోజే, ఒకసారి చూస్తామని మా టీములో ఒకరి తర్వాత ఒకరు కూర్చోవడం మొదలుపెట్టారు. మూడు రోజుల్లో పదకొండు మంది కూర్చున్నారు, అరుణ్‌కుమార్ సార్ రెండుసార్లు. నేను ఇంకా కూర్చోలేదు. నొప్పి రెండు.

పదిహేడో ఎక్కం నాకు అర్థమైంది. వెంటనే ఫోన్ చేయాలనిపించింది, నియమం గుర్తొచ్చి ఆగాను. ఇక ఆ నియమం వద్దు నానమ్మా. నీ నడకకు నేనూ వస్తాను. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు నువ్వు చైతన్యపురి నుంచి ఇటు నడువు, నేను ఎల్బీ నగర్ నుంచి అటు నడుస్తాను. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ మెట్ల దగ్గర కలుద్దాం. మధ్యలో నొప్పి పెడితే నువ్వు ఆగిపో, ఎక్కడైనా సరే. నేను అక్కడిదాకా వస్తాను. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మెట్రో దిగి దారంతా నడిచి చూసి వచ్చాను. కూర్చోవడానికి ఎక్కడా ఏమీ లేదు.

రజిత